చెరగడమా, తరగడమా

ఏ తెలుగు దినపత్రికలోనైనా జిల్లా పేజీ తెరవండి. ప్రభుత్వాన్ని తూర్పారబట్టిన ప్రతిపక్షం, అడవిలో ముమ్మరమైన గాలింపు, టిక్కెట్ల కోసం వచ్చిన దరఖాస్తుల వడపోత. ఇలాంటి శీర్షికలు తరచూ ఒకే పేజీలో పక్కపక్కనే పడుతుంటాయి. మూడూ ధాన్యం నూర్చే కళ్ళంలోంచో వంటింట్లోంచో వచ్చిన మాటలు. మూడింటికీ పుట్టుకతో వచ్చిన పని ఒక్కటే, కలిసిపోయినవాటిని వేరుచేయడం. కానీ మొదటి శీర్షికలో ఇప్పుడు వేరుచేయడం లేదు, తిట్టడం ఉంది. రెండోదాంట్లో వెతకడం ఉంది. వందమందిలోంచి పదిమందిని తేల్చడమనే అసలు బరువంతా మూడో మాట మీద పడింది. అది కషాయమూ కాఫీ డికాక్షనూ వడకట్టుకునే మాట.

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు తెలుగు ఇళ్ళలో ఈ మాటలు ఇంకా చేతుల్లో ఉన్నాయి. కొండవాలు మడులకు పెద్ద కోతమిషను ఎక్కదు. అందుకని కళ్ళం మిగిలింది. కళ్ళంతోపాటు చేట, చేటతోపాటు దాని క్రియలూ మిగిలాయి. ఈ చర్చ అక్కడినుంచి మొదలవడమే న్యాయం.

నేననేది ఇది. ఎక్కువలోంచి తక్కువకు రావడానికి తెలుగులో రెండు దారులున్నాయి. ఒకటి చెరగడం, రెండోది తరగడం. చెరిగితే పనికిరానిది పోయి పనికొచ్చేది మిగులుతుంది. తరిగితే లెక్క తగ్గుతుంది, అంతే. ఈ తేడా మాటల్లో మాసిపోతే పనిలోనూ మాసిపోతుంది. మాసిపోతోందనే నా బాధ.

గాలి తేల్చేది

కుప్ప నూర్చాక కళ్ళంలో మిగిలేదాన్ని ధాన్యం అనడానికి ఇంకా వీల్లేదు. గట్టిగింజ, సగం పాలుపోసుకున్న గింజ, గింజ పట్టని ఉత్త తాలు, తెగిన గడ్డిపరకలు, వెన్ను తునకలు, దుమ్ము, అలుకు లేచిన చోటినుంచి వచ్చిన మట్టిబెడ్డలు అన్నీ అందులో ఉంటాయి. దీన్ని తూర్పారబట్టాలి. తూర్పెత్తడమన్నా, ఎగరబోత అన్నా ఇదే పని. కావలసినవి చేట, గాలి. చేసేవాళ్ళు గాలికి పక్కవాటుగా నిలబడతారు. ఎదురుగా నిలబడితే పొట్టు కళ్ళల్లో పడుతుంది. వీపు పెట్టి నిలబడితే ఒంటి చాటున గాలి ఆగిపోతుంది. చేటను తల ఎత్తుకు లేపి, మూతిని కిందికి వంచి, సన్నగా వణికిస్తూ గింజను జారవిడవాలి. ఎత్తు పెరిగేకొద్దీ గింజ గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, గాలికి పని చేసే వ్యవధి దొరుకుతుంది. అందుకే కొందరు ముక్కాలిపీట ఎక్కి పోస్తారు. గట్టిగింజ దాదాపు నిట్టనిలువుగా కాళ్ళముందే పడుతుంది. తాలు కాస్త అవతల, గడ్డిపరక ఇంకా అవతల పడతాయి. దుమ్ము కళ్ళం దాటిపోతుంది.

పని చెడేది ఎక్కువగా ధార దగ్గర. తొందరపడి లావుగా పోస్తే ధార మధ్యలో ఉన్న తాలుకు చుట్టూ ఉన్న గింజే అడ్డుగోడ అవుతుంది. గాలి దాన్ని తాకదు, అది గింజతోపాటే కుప్పలో పడుతుంది. తడి ఆరని ధాన్యమైతే పొట్టు గింజకు అంటుకునే ఉంటుంది. ఎంత గాలి వీచినా విడదు. కాబట్టి ఎండబెట్టడం ముందు, ఎగరబోత తర్వాత. గాలి మరీ నెమ్మదైతే తాలు కాళ్ళదగ్గరే రాలుతుంది, మరీ జోరైతే సగం పండిన మంచిగింజ కూడా పొట్టులోకి పోతుంది. గాలి ఉండుండి విసిరే రోజు ఇంకా కష్టం. అప్పుడు చేట ఎత్తి పట్టుకుని ఆగాలి, గాలి నిలకడ పడ్డాకే వంచాలి. కరెంటు ఫ్యాను పెట్టుకుంటే ఈ ఆగడం తప్పుతుంది. కానీ ఫ్యాను గాలి ఒక్క తావులోనే బలంగా ఉంటుంది, ధార ఆ తావులోంచే పడాలి.

ఇంత చేసినా గాలి తీయలేనిది ఒకటుంది. రాయి. మట్టిబెడ్డ, రాయి గింజకంటే బరువు కాబట్టి గింజతోపాటే కాళ్ళముందు పడతాయి. తూర్పారబట్టడమంటే తేలికైనవాటిని పంపేయడమే, చెడ్డవాటినన్నిటినీ పంపేయడం కాదు. బరువుగా కనిపించే చెడ్డది గాలి ముందు మంచిదిగానే చెల్లుబాటవుతుంది. ఈ క్రియ అర్థంలో ఈ లోపం కూడా భాగమే.

తూర్పు అన్న మాట దగ్గర ఒక పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది. తూర్పుగాలికి పడతారు కాబట్టి తూర్పారబట్టడం అంటారని. కళ్ళంలో నిలబడినవాళ్ళకు దిక్కుతో పనిలేదు. ఆ పూట గాలి ఎటునుంచి వస్తే అటు సర్దుకుంటారు. కన్నడంలో తూరు అంటే ఎగరబోయడం. తమిళంలో తూట్రు అన్నా అదే. మన తూర్పెత్తు, తూర్పారబట్టు ఆ కుటుంబంలోవి అనుకుంటేనే పొసుగుతుంది. ఇంగ్లీషువాళ్ళ విన్నో అన్న క్రియలో మాత్రం నిజంగానే గాలి ఉంది, అది విండ్ అన్న మాటనుంచి వచ్చినదే. అదే క్రియను వాళ్ళు అభ్యర్థుల జాబితా కుదించడానికీ వాడుకుంటారు. మనం మన క్రియను తిట్లకు ఇచ్చేశాం.

చేట తేల్చేది

ఎగరబోత కుప్ప మీద జరిగే మోటుపని. చెరగడం చేటెడు మీద జరిగే దగ్గరిపని. చేటకు మూడు వైపుల అంచు లేచి ఉంటుంది, నాలుగోవైపు చదునైన మూతి. వెదురుబద్దల అల్లికలో సందులు ఉండిపోతే నూకలు జారిపోతాయని పేడతో అలుకుతారు. మెంతిపిండి, నానిన కాగితం కలిపి రుద్దేవాళ్ళూ ఉన్నారు. సగానికి మించి నింపితే చెరగడం కుదరదు. గింజ ఎగరడానికీ పరుచుకోవడానికీ చోటు ఉండాలి.

దంచిన బియ్యం చేటలో పోసి పైకి ఎగరేసి పట్టాలి. ఎగిరినప్పుడు బియ్యమూ ఊకా రెండూ లేస్తాయి. దిగేటప్పుడు బియ్యం ముందు దిగుతుంది, ఊక ఒక్క క్షణం వెనకపడుతుంది. ఆ క్షణంలో చేటను ఒంటివైపు కొద్దిగా లాక్కుంటే బియ్యం వెనక అంచులో పడి, ఊక మూతి అంచుకు చేరి కిందికి జారిపోతుంది. గాలి ఉన్నా లేకపోయినా ఈ పని సాగుతుంది, ఎందుకంటే గాలిని చేటే పుట్టిస్తుంది. చెరగడానికీ తూర్పారబట్టడానికీ అసలు తేడా ఇదే. తూర్పారబట్టేటప్పుడు గాలి బయటిది, ఒకసారి జారవిడిచిన గింజ మీద చేతికి అధికారం లేదు. చెరిగేటప్పుడు గింజ మళ్ళీ మళ్ళీ చేటలోకే వస్తుంది. ప్రతి విసురు తర్వాతా కన్ను చూస్తుంది, చేయి సవరించుకుంటుంది.

నేమడం వేరే. అందులో ఎగరేయడం లేదు. చేటను కొద్దిగా వంచి పక్కలకు ఊపుతారు. ఊపుకు పైపొర బియ్యం మూతివైపు కదులుతుంది, బరువైన ఇసుక, సన్నరాయి అడుగుకు దిగి వెనకే ఉండిపోతాయి. గాలి తీయలేని రాయి ఇక్కడ దొరుకుతుంది. చెరగడం తేలికను తీస్తుంది, నేమడం బరువును తీస్తుంది. ఒకే చేట, ఒకే చేయి, కదలిక మారితే క్రియ మారింది.

కొండవైపు పండే చోళ్ళు (రాగులు), సామలు ఈ తేడాను ఇంకా బాగా చూపిస్తాయి. చోడిగింజ చిన్నది, గుండ్రం, దాని పరిమాణానికి బరువైనది. పొట్టు సులువుగా ఎగిరిపోతుంది కానీ అదే పరిమాణంలో ఉన్న ఇసుకరేణువు గింజతోపాటే ఉండిపోతుంది. సామగింజ అంత బరువుండదు. వడ్లకు సరిపోయే గాలి సామలకు ఎక్కువ. సామలు ఎగరబోయాలంటే ఎత్తు తగ్గించాలి, ధార ఇంకా సన్నం చేయాలి, మిగతాది చేటమీద ఓపికగా చెరుక్కోవాలి. ఏ కొలతతో వేరుచేస్తున్నామో అది వేరుచేసే వస్తువును బట్టి మారాలని చోళ్ళూ సామలూ చెరిగినవాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

వ్యాకరణం గురించి ఒక చిన్నమాట. చెరగని ముద్ర అన్నప్పటి చెరుగు వేరు, చేటతో చెరుగు వేరు. మొదటిది తనంతట జరిగేది. దాన్ని మనం చేస్తే చెరపడం. రెండోది మొదటినుంచీ మనం చేసే పనే, ఇంకొకరితో చేయిస్తే చెరిగించడం. చెరగని బియ్యం అంటే మాసిపోని బియ్యం కాదు, ఇంకా ఊక పోని బియ్యం.

జల్లెడ, నీళ్ళు, వేళ్ళు

జల్లించడం అన్నిటిలోకీ కఠినమైన క్రియ. దానికి కన్ను లేదు, చేతి సవరింపు లేదు. రంధ్రం పట్టినది దిగుతుంది, పట్టనిది మిగులుతుంది. ఏది ఉంచుకోవాలన్నది కూడా క్రియ చెప్పదు. పిండి జల్లిస్తే కిందపడ్డది మనది, బియ్యంలోంచి నూకలు జల్లిస్తే పైన మిగిలింది మనది. దాని లోపం దాని గుణంలోనే ఉంది. గింజంత రాయిని అది గింజగానే లెక్కపెడుతుంది.

గాలించడానికి నీళ్ళు కావాలి. బియ్యంలోనో పప్పులోనో నీళ్ళు పోసి గిన్నెను గుండ్రంగా తిప్పుతూ, పైకి లేచిన గింజను నీటితోపాటు కొద్దికొద్దిగా ఇంకో గిన్నెలోకి వంచాలి. రెండు మూడుసార్లు అలా వంచాక అడుగున మిగిలిన చారెడులో రాళ్ళుంటాయి. ఒక్కసారే వంచేస్తే ఆ విసురుకు రాయీ వెళ్ళిపోతుంది. అంటే గాలించడంలో దొరకాల్సింది అడుగున ఉంటుంది, పైనున్నది నెమ్మదిగా తీసేస్తే తప్ప బయటపడదు. పోలీసు గాలింపుకు ఈ మాట కుదిరింది. ఇది మంచి వాడుక, దీనిమీద నాకు తగాదా లేదు.

ఆఖరిది ఏరడం. ఒక్కొక్క గింజ, రెండు వేళ్ళు. దంపుడులో పొట్టు ఊడక బియ్యంలో మిగిలిపోయిన వడ్లగింజను మెరిక అంటారు. రాళ్ళూ మెరికలూ ఏరాకే బియ్యం ఎసట్లో పడతాయి. క్లాసులో చురుకైన పిల్లల్నీ మెరికలే అంటాం. వేళ్ళు పక్కకు తీసి పడేసేదాన్నే నోరు మెచ్చుకుంటూ పక్కకు తీస్తుంది. రెండుచోట్లా మెరిక అంటే మందలో కలవకుండా కంటికి ఆనేదే.

ఏరడంలో ఇంకో సంగతి ఉంది. ఏరివేయడం, ఏరుకోవడం ఒకే ధాతువు. వేయు తగిలిస్తే ఏరినది పారేసేది, కొను తగిలిస్తే ఏరినది దాచుకునేది. అవినీతిపరుల ఏరివేత అంటాం, ఏరికోరి చేసుకున్న సంబంధం అంటాం. పక్కన నిలబడ్డ సహాయక్రియ ఎంచినది ఎటు పోతుందో చెప్పేస్తుంది. చెరగడానికీ ఈ సౌకర్యం ఉంది. చెరిగి పారబోయడం ఊకకు, చెరిగి పెట్టుకోవడం బియ్యానికి. జాబితా కుదించడం గురించి రాసేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

కొనుగోలు పట్టికలో క్రియలు

ప్రభుత్వం ధాన్యం కొనేటప్పుడు చూసే ఏకరీతి నాణ్యతా ప్రమాణాలను ఈ క్రియలతో చదివితే ఒక్కో గడి ఒక్కో పనికి దొరుకుతుంది. మట్టి, రాయి లాంటివి 1 శాతానికి మించకూడదు. అది జల్లెడ పని. పొట్టు, గడ్డి లాంటివి 1 శాతం. అది గాలి పని. పక్వానికి రానివి, ముడుచుకుపోయినవి 3 శాతం. అదీ గాలి పనే, కానీ రెండో ఎగరబోతలో, గాలి ఇంకా నిలకడగా ఉన్నప్పుడు. రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు తిన్నవి, దెబ్బతిన్నవి కలిపి 5 శాతం. వీటిలో చాలావాటి బరువూ పరిమాణమూ మంచిగింజలాగే ఉంటాయి. గాలి తీయలేదు, జల్లెడ తీయలేదు, కన్ను మాత్రమే తీయగలదు, కాబట్టి ఏరాల్సిందే. తక్కువ రకం కలగలుపు 6 శాతం. ఇది కళ్ళంలో ఏ క్రియకూ లొంగదు, విత్తనం దగ్గరే చూసుకోవాలి. తేమ 17 శాతం. దానికి ఎండబెట్టడం తప్ప ఇంకో క్రియ లేదు.

పట్టిక ఇంత స్పష్టంగా ఉండగా ఒడిశాలో ధాన్యం కొనే మండీల్లో ఏటా వినిపించే మాట కట్నీ ఛట్నీ. కట్నీ అంటే కోత. ఛట్నీ అంటే ఏరివేత, మంచీ చెడూ విడదీయడం, హిందీ ఛాంట్‌నాకు చుట్టం. కానీ అక్కడ జరిగే ఛట్నీలో విడదీయడం ఉండదు. తాలు ఉందనో తేమ ఉందనో చెప్పి క్వింటాలుకు ఇన్ని కిలోలని తూకంలోంచి తీసేస్తారు. తీసినదాంట్లో తాలుతోపాటు గట్టిగింజా పోతుంది. తెలుగులో దీనికి తరుగు అనే మాట ఉంది, సరిహద్దుకు ఇవతలా అవతలా రైతులు వాడేదే. తరుగు ఆ పనికి సరైన పేరు, దాంట్లో వేరుచేసినట్టు నటన లేదు. ఛట్నీ అన్నది మాత్రం పేరులో చెరగడం, చేతిలో తరగడం. రైతుకు అడగడానికి హక్కున్న ప్రశ్న ఒక్కటే. తాలుంటే తాలు తీయండి, గింజెందుకు తీస్తారు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మండీలో జల్లెడా ఫ్యానూ ఉండాలి, తీసిన పొట్టును రైతు కళ్ళముందే తూచాలి. అప్పుడు అది నిజంగా ఛట్నీ అవుతుంది.

ఉద్యోగాల దగ్గరా ఇదే. 600 దరఖాస్తులు వచ్చాయనుకోండి. ముందు వచ్చిన 60 ఉంచుకుని మిగతావి పక్కన పెడితే అది తరుగు. డిగ్రీలో ఇన్ని మార్కులు దాటినవాళ్ళే అంటే జల్లించడం. ఒక్కో కాగితం తిరగేసి, బరువులేనివాటిని పక్కకు పోనిస్తే ఎగరబోత. మిగిలినవాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి మళ్ళీ మళ్ళీ చూస్తే చెరగడం. పైకి నిండుగా కనిపించే కాగితాల్లో అబద్ధమేమైనా ఉందా అని అడుగు చూస్తే గాలించడం. ఆఖరి నలుగురిలో ఒకరిని తీసుకుంటే ఏరుకోవడం. ఈ ఆరు పనులూ ఒకటి కావు. ఆరింటినీ వడపోత అనేస్తే, ముందొచ్చిన 60 ఉంచుకున్నవాడూ ప్రతి కాగితం చదివినవాడూ ఒకే మాట వెనక దాక్కుంటారు.

వడపోత మీద నాకు కోపం లేదు. వడియడం, చుక్కచుక్కగా దిగడం, అందమైన మాట. గుడ్డ ఒక్కటే ఉండి, పోసింది ఒక్కసారే దిగే చోట వాడితే సరిగ్గా ఉంటుంది. ప్రవేశపరీక్షకు అది సరిపోవచ్చు. కానీ వడపోతలో చేతి సవరింపు లేదు, మళ్ళీ ఎగరేసి చూడడం లేదు. మనుషుల్ని ఎంచే పనిలో ఆ రెండూ లేకపోతే ఏమవుతుందో లావు ధారగా పోసిన వడ్లను చూస్తే తెలుస్తుంది.

తిట్టు అర్థం తప్పా?

నా వాదనకు ఎదురుగా ఉన్న గట్టి మాట ఇది. తూర్పారబట్టడమంటే కడిగేయడం, ఏకిపారేయడం అన్న అర్థం జనం నోట స్థిరపడింది. దాన్ని వెనక్కి తిప్పాలనడం పండితుల పని, వాడుకభాష పక్షాన నిలిచేవాళ్ళ పని కాదు. పర్లాకిమిడి పేరు తలచుకున్న చోట ఈ మాట ఇంకా బరువుగా తగులుతుంది. గిడుగు రామమూర్తి ఆ ఊళ్ళో ఉపాధ్యాయుడిగా ఉండి, సవర భాష నేర్చుకుని, జనం నోటి తెలుగుకే పట్టం కట్టాలని పోరాడినవాడు. జనం తిట్టుకు వాడుతుంటే కాదనడానికి మనమెవరం?

ఈ అర్థం పత్రికలు పుట్టించింది కూడా కాదనిపిస్తుంది. తమిళ తూట్రుకు ఎగరబోయడంతోపాటు నలుగురిలో దూషించడమనే అర్థం ఉంది. తెలుగులో శుభ్రం చేసే క్రియలు చాలావరకు తిట్టే క్రియలవుతాయి. తూర్పారబట్టాడు, చెరిగేశాడు, దులిపేశాడు, కడిగేశాడు, ఉతికి ఆరేశాడు, ఏకిపారేశాడు. దూది ఏకడం చూసినవాళ్ళు తక్కువైపోయినా ఏకిపారేయడం బతికే ఉంది. తిట్టడాన్ని మురికి వదిలించడంగా చూసే ఈ ఊహ తెలుగుది. దాన్ని ఎవరూ తీసేయలేరు, తీసేయాలని నేనూ అనను.

నేను అడిగేది తిట్టు అర్థం పోవాలని కాదు, దాని పక్కన మొదటి అర్థానికీ చోటుండాలని. ఉతికాడు అంటే ఇప్పటికీ బట్టలు ఉతకడమే ముందు తడుతుంది, తిట్టు తర్వాత. తూర్పారబట్టాడు అంటే పట్నంలో పెరిగినవాళ్ళకు తిట్టు ఒక్కటే తడుతోంది. ఈ పరిస్థితిలో ఒక పనిచేసే క్రియ మన చేతిలోంచి జారిపోయింది. పైగా తిట్టు అర్థం కూడా పలచబడింది. కళ్ళంలో తూర్పారబట్టాక కాళ్ళముందు గింజ ఉంటుంది. బడ్జెటును తూర్పారబట్టారన్న వార్తలో ఏ పద్దు గింజో ఏది తాలో చదివాక తెలిస్తే ఆ మాట తన అర్థంలోనే ఉన్నట్టు. తెలియకపోతే అది ఊకదంపుడు. ఆ మాటా ఇక్కడిదే, బియ్యం తీసేశాక మిగిలిన ఊకను దంచడం.

ఇంకో అభ్యంతరం ఉంది. బియ్యం ఇప్పుడు సంచుల్లో, సంచిమీద సార్టెక్స్ అని రాసి వస్తుంటే చేట ఎవరికి గుర్తుంటుంది? సార్టెక్స్ అంటే రంగు చూసి బియ్యం ఏరే యంత్రం. అది చేసేది చూస్తే మన క్రియలే కనిపిస్తాయి. జారిపడుతున్న బియ్యాన్ని కెమెరా కన్ను చూస్తుంది, రంగు మారిన గింజ కనబడగానే సన్నని గాలిపోటు దాన్ని పక్కకు తోస్తుంది. అంటే కన్నుతో ఏరడం, గాలితో తోయడం. పెద్ద కోతమిషను కడుపులోనూ జల్లెడలూ ఫ్యానూ కలిసే ఉంటాయి. ఫ్యాను వేగం ఎక్కువ పెడితే మంచిగింజ గడ్డితోపాటు వెనకనుంచి పోతుంది, తక్కువ పెడితే తాలు ట్యాంకులోకి వస్తుంది. కళ్ళంలో గాలి గురించి చెప్పిన మాటే అక్షరం పొల్లుపోకుండా ఇక్కడా వర్తిస్తుంది. పొల్లు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు కదా, అదీ తాలుగింజే.

పక్కింటివాళ్ళు ఏం చేశారు

ఒడియాలో చేట కులా, జల్లెడ చాలుణి, చేటతో చెరగడం పాఛుడిబా, ఏరడం బాఛిబా. ఈ చివరి మాట చూడండి. బియ్యంలో రాళ్ళు తీసేటప్పుడు బాఛిబా. బడి పుస్తకంలో సరైన జవాబు ఎంచి రాయమన్నప్పుడూ బాఛిబానే. పర్లాకిమిడిలో ఒడియా బడికి వెళ్ళే తెలుగు పిల్ల ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని బియ్యం ఏరుతుంది, బడిలో జవాబు బాఛుతుంది. తెలుగు పుస్తకం చదివితే ఆ పిల్లే జవాబును ఎంచుకోవాలి లేదా గుర్తించాలి. ఎంచడం మంచి మాటే, కానీ అది మొదట లెక్కపెట్టడం. ఎన్నికలోని ఎన్నూ అంతే.

మహారాష్ట్ర సరిహద్దులో సిరొంచ వైపు తెలుగువాళ్ళు రోజూ వినే మరాఠీ ఇంకో అడుగు ముందుకేసింది. నివడణే అంటే ధాన్యంలో రాళ్ళూ చెత్తా ఏరడం, దాన్నుంచే నివడణూక్, ఎన్నిక. అక్కడ ఓటు వేసేవాడు మాటప్రకారం ధాన్యం ఏరేవాడే. చేటతో చెరగడానికి పాఖడణే, గాలికి ఎగరబోయడానికి ఉఫణణే అని వేరువేరు మాటలు ఉంచుకున్నారు కూడా. సరిహద్దులో బతికే తెలుగుకు ఇది మంచి అదను. పక్కభాషలు వంటింటి క్రియను సభలోకి తెచ్చుకోగలిగితే మన దగ్గరా జరగొచ్చు. అరువు తెచ్చుకోవాల్సిందీ లేదు, చేటలో ఉన్నదే.

వాడకం కష్టమేమీ కాదు. ఎంపికకు వచ్చిన కథల్ని రెండుసార్లు చెరిగి పన్నెండు మిగిల్చారు. అర్హత మార్కులతో జల్లించగా నూటయాభైమంది మిగిలారు. పాత ఫైళ్ళను తూర్పారబట్టి, ఉంచాల్సినవి ఒకవైపు, చింపాల్సినవి ఒకవైపు పెట్టారు. తరుగు తీయాల్సి వచ్చినప్పుడు తరుగు అనే రాయాలి. నిధులు చాలక పదిమంది పేర్లు తీసేస్తే అది తరగడం, దానికి చెరగడమనే గౌరవం ఇవ్వకూడదు.

ఎగరబోత అయ్యాక గింజకుప్పకూ పొట్టుకుప్పకూ మధ్య ఒక గీతలా పడి ఉంటుంది, సగం గింజా సగం తాలూ కలిసినది. దాన్ని ఎటూ తోసేయరు. చీపురుతో మెల్లగా వేరే దగ్గరకు చేర్చి, గాలి తగ్గుముఖం పట్టాక, ఈసారి ఎత్తు తగ్గించి, ధార ఇంకా సన్నంచేసి మళ్ళీ పోస్తారు. ఆ తర్వాత పొట్టుకుప్ప అంచును కూడా ఒకసారి చేటలో పోసి చెరుగుతారు. అందులో దొరికిన గింజను ఆ రోజు కొలతలోనే కలుపుతారు.